కొత్త బండికి బ్రేకు పట్టట్లేదంటే...

మామిడి కోతలకి అందాలని కొత్త పికప్ దింపాను. నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కి బంగినపల్లి లోడేసుకెళ్లిన మొదటి వారమే గుండె జారింది. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు కీచుమంటున్నాయి, వెనకవి పట్టట్లేదు. బండి ముందుకే పోతోంది.

"కొత్త లైనింగులు కదా, అరిగితే సర్దుకుంటాయి" అన్నారు. కొంత నిజమే. లైనింగు డ్రమ్ముకి పూర్తిగా ఆనాలంటే కొన్నాళ్లు తిరగాలి. కానీ అసలు తప్పు నాది. లోడుకి కుంగకూడదని కొన్న మర్నాడే వెనక కమాన్ కట్టలకి రెండేసి పట్టీలు అదనంగా వేయించా.

చాలా పికప్‌లకి వెనక ఇరుసు దగ్గర ఓ వాల్వు, దానికో రాడ్డు ఉంటాయి. బాడీ ఎంత కుంగితే వెనక బ్రేకులకి అంత ప్రెజరు వదులుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తది, లేకపోతే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. మరి పట్టీలేస్తే? టన్నున్నర కాయ ఎక్కినా బాడీ కుంగదు. వాల్వు ఖాళీ బండే అనుకుంటది! పైగా 40లో పోయే బండి 60 అందుకుంటే, దాన్ని ఆపడానికి బ్రేకుల మీద పడే పని రెండింతలు దాటుతుంది.

పట్టీలేయించినవాళ్లు ఆ రాడ్డు సరిచేయించారో లేదో ఒకసారి కిందకి దూరి చూడండి. కిరాయి ట్రే లెక్కన ఇస్తుంటే ఎక్కువేసుకోక ఏం చేస్తామనేది వేరే గొడవ, అదీ మాట్లాడాల్సిందే.

నేనైతే పట్టీలు ఊడదీయించా. ట్రిప్పుకి పదిహేను ట్రేలు తగ్గాయి.