ఉత్తర అడవులలో వేట: బయలుదేరక ముందే తేల్చుకోవలసిన విషయాలు

ఫిఖ్హ్ గ్రంథాలలో వేటకు ప్రత్యేకమైన అధ్యాయం ఉంది. దానిని ‘కితాబుస్సైద్’ అంటారు. జబహ్ నియమాలతో జతచేసి దీనిని బోధించడం మదరసాలలో పరిపాటి. మన దేశపు విద్యార్థికి ఈ అధ్యాయం చాలావరకు గ్రంథస్థ విషయంగానే మిగిలిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో జరిగిన సవరణా వచ్చిన తరువాత భారతదేశంలో సరదా వేటకు చోటు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడవులలో దుప్పిని గాని, కౌజును గాని కొట్టడం శిక్షార్హమైన నేరం. కాని ఉత్తర అమెరికాలో స్థిరపడిన ముస్లింకు ఈ అధ్యాయం నిత్యజీవితానికి సంబంధించినది. అక్కడ వేట చట్టబద్ధం. వేటమాంసం అనేక కుటుంబాలకు ఏడాది ఆహారం. అతని ముందుండే ప్రశ్న ఒక్కటే: ఇంత శ్రమపడి, ఇంత ఖర్చుపెట్టి తెచ్చిన మాంసం తన పిల్లల పళ్లెంలో హలాల్‌గా చేరుతుందా, లేదా?

ఈ ప్రశ్నకు సమాధానం తుపాకీ పేలిన తరువాత వెతికితే దొరకదు. ఇల్లు కదలక ముందే దొరకాలి. ఉదాహరణకు అమెరికా ఈశాన్య కొసన ఉన్న మేన్ రాష్ట్రాన్ని తీసుకుందాం.

ప్రదేశమూ, జంతువులూ

మేన్ భూభాగంలో దాదాపు 90 శాతం అడవియే. స్ప్రూస్, ఫర్, బర్చ్ చెట్లు, వాటి నడుమ బురదనేలలు, చెరువులు. ఉత్తర భాగంలో సుమారు 35 లక్షల ఎకరాల అరణ్యం కలప కంపెనీలు మొదలైన ప్రైవేటు యజమానుల చేతిలో ఉంది. లోపలికి వెళ్లే కంకర రోడ్ల మీద చెక్‌పోస్టులుంటాయి. అక్కడ పేరు రాయించి, రుసుము చెల్లించి ముందుకు పోవాలి.

పెద్ద జంతువులలో ముఖ్యమైనది మూస్. ఇది దుప్పి కుటుంబంలో అన్నిటికంటె పెద్దది. ఎదిగిన మగది 400 కిలోలకు పైగా తూగుతుంది. పక్షులలో ముఖ్యమైనది రఫ్డ్ గ్రౌస్. స్థానికులు దానిని పార్ట్రిడ్జ్ అనే పిలుస్తారు. మన కౌజు జాతికి దగ్గరి చుట్టం. వుడ్‌కాక్ అనే పొడుగుముక్కు వలస పక్షిని కూడా ఇదే కాలంలో వేటాడుతారు. గడ్డి, ఆకు మేసే మూస్ విషయంలోను, గోళ్లతో వేటాడని ఈ పక్షుల విషయంలోను హలాల్ అనడంలో వివాదం లేదు. అదే అడవిలో దొరికే ఎలుగుబంటిని హనఫీ, షాఫిఈ, హంబలీ పండితులు కోరలుగల మృగాలలో చేర్చి నిషేధించారు. కనుక ఎలుగు పర్మిట్ జోలికి పోకపోవడమే మేలు.

అనుమతి మొదటి మెట్టు

మితిమీరిన వేట వల్ల మూస్ సంఖ్య పడిపోయి, మేన్‌లో 1935లో దాని వేట ఆపివేశారు. 1980లో ప్రయోగాత్మకంగా 700 పర్మిట్లతో మళ్లీ తెరిచారు. 1982 నుండి ఏటా జరుగుతున్నది. ఇటీవలి సంవత్సరాలలో సుమారు 4,000 పర్మిట్లు ఇస్తున్నారు. వసంతకాలంలో దరఖాస్తు చేస్తే, జూన్‌లో లాటరీ తీస్తారు. పేరు వచ్చినవారికి ఏ జిల్లాలో, ఏ వారంలో, మగదానినా ఆడదానినా అన్నది పర్మిట్ మీదనే రాసి ఉంటుంది. వేట సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలలో ఆరేసి రోజుల విడతలుగా సాగుతుంది. ఆదివారం వేట అక్కడ నిషిద్ధం. ఈ నిషేధం 1883 నుండి వస్తున్నది.

లాటరీ అన్న పేరు విని కొందరు సందేహిస్తారు. సమాన హక్కుగల అనేకమందిలో కొందరిని ఎంచడానికి చీటీలు తీయడం, అంటే ‘ఖుర్ఆ’, ధర్మశాస్త్రానికి కొత్త కాదు. దైవప్రవక్త (స) ప్రయాణంలో తమ వెంట వచ్చే భార్యను ఇలాగే ఎంచేవారని హదీసు గ్రంథాలలో ఉంది. తిరిగిరాని దరఖాస్తు రుసుము గురించి మనసులో శంక ఉన్నవారు తాము నమ్మే ఆలిమ్‌ను దరఖాస్తుకు ముందే అడగాలి.

వేటగాడి భద్రతా శిక్షణ పొందినట్టో, ఇదివరకు లైసెన్సు ఉన్నట్టో రుజువు చూపనిదే వయోజనులకు లైసెన్సు ఇవ్వరు. ఉద్యోగ వీసా మీద ఉన్న మనవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తాత్కాలిక వీసా మీద ప్రవేశించినవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఆ నిషేధానికి గల మినహాయింపులలో ఒకటి. లైసెన్సు చేతికి రాకముందే మిత్రుని తుపాకీతో సాధన మొదలుపెట్టడం పెద్ద చిక్కులకు దారి తీయవచ్చు.

ఈ నిబంధనలు దీన్‌కు సంబంధం లేని లౌకిక విషయాలని తలచరాదు. అల్‌మాయిదా సూరా మొదటి ఆయతు ఒడంబడికలను నెరవేర్చుమన్న ఆజ్ఞతో మొదలై, అదే ఆయతులో ఇహ్రామ్ స్థితిలో వేట కూడదన్న మాటకు వస్తుంది. హలాల్ అయిన జంతువు కూడా సమయాన్ని బట్టి, స్థలాన్ని బట్టి ముట్టరానిది కావచ్చునన్న పాఠం అక్కడే ఉంది. లైసెన్సు అనేది ఆ నేలతో చేసుకున్న ఒడంబడిక.

తుపాకీ గుండు: అసలు చిక్కు

పూర్వ ఫుఖహా ఎదుట ఉన్న ఆయుధాలు బాణం, ఈటె, శిక్షణ పొందిన కుక్క, డేగ. అదీ బిన్ హాతిమ్ (ర) ప్రవక్త (స)ను అడిగిన ప్రశ్నలే ఈ అధ్యాయానికి పునాది. ఆ హదీసుల సారాంశమిది: ఆయుధం మొన గుచ్చుకుని చస్తే తినవచ్చు, దాని అడ్డపాటు తగిలి, దెబ్బ బరువుకు చస్తే తినరాదు. అది ఖుర్ఆన్ నిషేధించిన ‘మౌఖూజా’, అంటే దెబ్బతిని చచ్చినది, అవుతుంది. ఈ కారణం వల్లనే మట్టి ఉండతో కొట్టి చంపిన పిట్టను పండితులు హరామ్ అన్నారు.

మరి సీసపు గుండు ఎందులో చేరుతుంది? అది గుచ్చుకుంటున్నదా, మోదుతున్నదా? ఇక్కడ అభిప్రాయాలు చీలాయి. 1836లో మరణించిన హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ గుండుకు పదును లేదనీ, వేగపు దెబ్బతో, వేడితో చంపుతుందనీ భావించి, జబహ్ అందకుండా చచ్చినదానిని అంగీకరించలేదు. ఉపఖండపు హనఫీ ముఫ్తీలలో చాలామంది ఇదే మార్గాన నడిచారు. 1834లో మరణించిన యమన్ పండితుడు షౌకానీ గుండు శరీరాన్ని చీల్చుకుని పోతుంది కనుక బాణం వంటిదేనన్నారు. తరువాతి మాలికీ పండితులలో పలువురు అనుమతి వైపే మొగ్గారు. ఇరవయ్యవ శతాబ్దంలో మౌలానా మౌదూదీ, యూసుఫ్ అల్‌ఖర్జావీ కూడా గుండుతో వేటను అనుమతించారు.

తెలుగు ముస్లింలలో అధికులు హనఫీలు. కాబట్టి ఈ భేదం వారికి పుస్తక చర్చగా ఆగదు. తాను ఏ ఫత్వా మీద నడుస్తాడో వేటగాడు ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి. సుమారు 200 కిలోల మాంసం నేల మీద పడి ఉన్నప్పుడు తనకు అనుకూలమైన అభిప్రాయం వెతకడం మనోవాంఛను అనుసరించడమే అవుతుంది.

కట్టుదిట్టమైన అభిప్రాయాన్ని పాటించేవారికి కూడా దారి మూసుకుపోలేదు. విల్లుతో వేటాడే వీలుంటుంది. పదునైన అలుగు గల బాణం విషయంలో ఏ మజ్హబ్‌లోను ఆక్షేపణ లేదు. తుపాకీయే వాడితే, జంతువులో ప్రాణం ఉండగా చేరుకుని జబహ్ చేయాలి. ప్రాణంతో చిక్కినదానిని జబహ్ చేయవలసిందేనన్నది అన్ని మజ్హబ్‌ల మాట. కనుక పదునైన కత్తి సామాన్ల మూటలో కాక నడుముకే ఉండాలి. పడిపోయిన మూస్ కాలి తాపు మనిషిని చంపగలదు. వీపు వైపు నుండి దగ్గరికి పోవాలి. రెండవ మనిషి తుపాకీ సిద్ధంగా ఉంచుకుని నిలబడాలి.

బిస్మిల్లాహ్ చెప్పవలసిన క్షణం కూడా తెలిసి ఉండాలి. తుపాకీ నింపేటప్పుడు కాదు, పేల్చేటప్పుడు. మరచిపోతే హనఫీ, మాలికీ మజ్హబ్‌లు క్షమిస్తాయి; షాఫిఈలకు అది సున్నత్ మాత్రమే; హంబలీలు వేట విషయంలో మరుపును కూడా ఒప్పుకోరు. సాధన స్థలంలో కాగితపు గురి మీద పేల్చిన ప్రతిసారీ బిస్మిల్లాహ్ పలకడం అలవాటు చేసుకున్నవాడికి అడవిలో గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా నోరు తడబడదు.

గురి పెట్టకూడని సందర్భాలు

మూస్ నీటి మొక్కలను మేయడానికి చెరువులో దిగుతుంది. అక్కడ అది స్పష్టంగా, కదలకుండా కనబడుతుంది. కొత్త వేటగాడికి ఇంతకంటె మంచి అవకాశం లేదనిపిస్తుంది. కాని నీటిలో పడి చచ్చిన వేటను తినవద్దని హదీసులో ఉంది. చంపింది ఆయుధమో, నీరో తెలియదు కనుక. స్థానికులైన అనుభవజ్ఞులు కూడా నీటిలో ఉన్న మూస్‌ను కొట్టవద్దంటారు, అంత బరువును బురదలోంచి లాగడం అసాధ్యం కనుక. కారణాలు వేరు, తీర్పు ఒకటే.

దెబ్బతిన్నది కనుచూపు దాటితే వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది. కొంతసేపు ఆగి, నెత్తురు జాడ వెంట మెల్లగా పోవాలి. మరునాడు దొరికినా, దాని మీద తన ఆయుధపు గాయం తప్ప వేరేది లేకపోతే తినవచ్చునని హదీసు అనుమతి ఇచ్చింది, చెడిపోకుండా ఉండాలి. వెతకడం మాని కూర్చున్నవాడికి ఈ సడలింపు వర్తించదని ఫుఖహా వివరించారు. అందువల్ల చీకటి పడే ముందు, తెలియని బురదనేల అంచున, గురి కుదరని దూరంలో పేల్చకపోవడమే ధర్మం. గాయపడి దొరకకుండా పోయిన జంతువు బాధకు జవాబు చెప్పవలసినవాడు పేల్చినవాడే.

పక్షులు, కుక్కలు

గ్రౌస్ ఉదయం, సాయంత్రం గులకరాళ్ల కోసం కంకర రోడ్ల మీదికి వస్తుంది. కారులోంచి పేల్చడం, నింపిన తుపాకీ కారులో ఉంచడం నేరం. రోజుకు ఒక మనిషికి నాలుగు గ్రౌస్‌ల పరిమితి ఉంది. వీటిని చిన్న రవ్వల తూటాతో కొడతారు. రవ్వ విషయంలో పై చర్చ ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పడిన పిట్ట తరచు కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి వెంటనే అందుకుని జబహ్ చేయడం సాధ్యమే.

వేటకుక్కను ఉంచుకోవడానికి హదీసులోనే మినహాయింపు ఉంది. ఇక్కడ ఒక సూక్ష్మభేదం గమనించాలి. ఖుర్ఆన్ చెప్పిన శిక్షిత జంతువు స్వయంగా వేటను పట్టి చంపేది. మేన్‌లో వాడే సెట్టర్, స్పానియల్ జాతి కుక్కలు పిట్ట దాగిన చోటు చూపి, పడినదానిని తెచ్చి ఇస్తాయి, చంపేది తుపాకీ. కనుక షరతులన్నీ పేల్చే మనిషి మీదనే ఉంటాయి. కుక్క నోట ప్రాణంతో వచ్చిన పిట్టను జబహ్ చేయాలి. దాని నోరు తగిలిన చోటును షాఫిఈలు కడగాలంటారు, మాలికీలు అక్కరలేదంటారు.

మాంసం, కాలం, నమాజు

సెప్టెంబరు పగళ్లు వెచ్చగా ఉండవచ్చు. మూస్ మందపాటి తోలు లోపలి వేడిని బయటికి పోనివ్వదు. చర్మం ఒలిచి, భాగాలు చేసి, గంటలలో చల్లార్చకపోతే ఎముక చుట్టూ మాంసం కుళ్లుతుంది. తాళ్లు, గుడ్డ సంచులు, మంచుపెట్టెలు, మోయడానికి కనీసం ముగ్గురు నలుగురు మనుషులు ఉన్నారా అన్నది బయలుదేరక ముందే లెక్క చూసుకోవాలి. తరువాత నమోదు కేంద్రంలో చూపించాలి. అక్కడ వయసు తెలుసుకోవడానికి ఒక పన్ను తీస్తారు. మూస్ కాలేయంలో, మూత్రపిండాలలో కాడ్మియం అనే లోహం పేరుకుంటుంది కనుక వాటిని తినవద్దని రాష్ట్రాధికారులు హెచ్చరిస్తున్నారు. సీసపు తునకలు మాంసంలో చెదరకుండా రాగి గుండ్లు వాడడం పిల్లలున్న ఇంటికి క్షేమం. హాని చేయరాదు, హానికి హాని కూడదు అన్న ఫిఖ్హ్ సూత్రం వంటింటికి కూడా వర్తిస్తుంది.

వేటకు చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుండి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు. అంటే ఫజ్ర్ ముగింపు, మగ్రిబ్ ఆరంభం రెండూ జంతువులు కదిలే గడియలలోనే పడతాయి. వేట వెంట పడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడన్న ప్రవక్త (స) హెచ్చరిక అక్షరాలా పరీక్షకు వచ్చేది ఇక్కడే. ముసాఫిర్‌కు ఖస్ర్ ఉంది, జుమా తప్పనిసరి కాదు. కాని మగ్రిబ్‌ను ఖజా చేసుకోవడానికి వేట కారణం కాదు. కాలిపలక, నీళ్ల సీసా, ఖిబ్లా దిశ చూసుకున్న దిక్సూచి వేటసామానులో భాగాలే.

వేటను ఇస్లామ్ ఆహారం కోసం అనుమతించింది. ప్రాణిని గురిపలకగా నిలబెట్టడాన్ని గట్టిగా నిషేధించింది. లైసెన్సు చేతిలో, ఫత్వా మనసులో, కత్తి నడుములో ఉన్నవాడు తుపాకీ ఎత్తే ముందు ఇంకొక మాట తనను తాను అడగాలి: ఇది పడితే దీనిని పూర్తిగా ఉపయోగించుకోగలనా? అవును అన్న జవాబు రానప్పుడు తుపాకీ దించి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చినవాడి ప్రయాణం కూడా వృథా కాదు.