జియోక్యాషింగ్ తోడుగా ఒంటరి కారు ప్రయాణం: కొలంబియా నదీ లోయ ఉదాహరణ

ఈ పాఠం ఒక ఆట గురించి. పర్యాటక భూగోళశాస్త్రంలో ఆటకేం పని అని మీకు సందేహం రావచ్చు. అక్షాంశాలు, ఉపగ్రహాలు, శిలలు, రహదారి నిర్మాణం వంటి విషయాలను మీరు వేర్వేరు పాఠాల్లో చదివారు. ఒకే మనిషి ఒకే రోజు వాటన్నిటినీ వాడుకునే సందర్భాలు అరుదు. అలాంటి అరుదైన సందర్భం ఇది కాబట్టే ఈ పాఠం రాస్తున్నాను.

జియోక్యాషింగ్‌లో ఒకరు ఒక చిన్న డబ్బాను ఆరుబయట మరుగుగా పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటిస్తారు. ఇతరులు జీపీఎస్ సహాయంతో వెతుక్కుంటూ వెళ్లి, డబ్బాలోని పుస్తకంలో పేరు, తేదీ రాసి, దాన్ని మళ్లీ ఉన్నచోటే ఉంచి వస్తారు. దొరికేది నిధేమీ కాదు. ఒక తాళంచెవి గొలుసో, గోళీకాయో ఉంటే ఉంటుంది. అసలు లాభం అక్కడికి వెళ్లడమే. డబ్బా పెట్టినవారు సాధారణంగా ఆ ప్రాంతం బాగా తెలిసినవారే. ప్రకటనల్లో, గైడు పుస్తకాల్లో కనిపించని ఒక మలుపునో, పాత వంతెననో చూపించాలని వాళ్లు దాన్ని అక్కడ పెడతారు.

ఆట పుట్టుక

జీపీఎస్‌ను అమెరికా సైన్యం తన అవసరాల కోసం నిర్మించుకుంది. పౌరులకు అందే సంకేతంలో కావాలనే కొంత దోషం కలిపేది. దాంతో మామూలు పరికరం చూపే స్థానం 100 మీటర్ల వరకు తప్పేది. ఓడకు అది సరిపోతుంది కానీ పొదలో డబ్బా వెతికేవాడికి పనికిరాదు. 2000 మే మొదటి తేదీన అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ దోషాన్ని తొలగిస్తున్నట్లు ప్రకటించాడు. ఆ అర్ధరాత్రి నుంచే ప్రపంచంలోని పరికరాలన్నీ ఒక్కసారిగా మెరుగుపడ్డాయి. ఎవరూ కొత్త పరికరం కొనలేదు!

ఆ మెరుగుదలను పరీక్షించాలని మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర, అడవి అంచున, ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్టును సగం పూడ్చి పెట్టాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక చిక్కుళ్ల డబ్బా లాంటివి ఉంచి, స్థానాన్ని ఇంటర్నెట్ చర్చావేదికలో ప్రకటించాడు. మైక్ టీగ్ అనే ఆయన కొద్ది రోజుల్లోనే దాన్ని మొదటగా కనుగొన్నాడు. అదే నెలాఖరులో 'జియోక్యాషింగ్' అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు బకెట్టు లేదు, ఆ చోట ఒక స్మారక ఫలకం ఉంది. అన్నట్టు, ఈనాటి నియమాల ప్రకారం నేల తవ్వి డబ్బా పూడ్చకూడదు. అంటే మొదటి డబ్బాకు ఇప్పుడైతే అనుమతే దొరకదు.

అంకెలను చదవడం

ఆ బకెట్టు స్థానం ఇది: ఉత్తర అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. ఈ ఆటలో సెకన్లు వాడరు, నిమిషాలనే దశాంశాల్లో రాస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక 17.460ని 60తో భాగిస్తే 0.291 వస్తుంది. అంటే అక్షాంశం 45.291 డిగ్రీలు. అలాగే రేఖాంశం 122.413 డిగ్రీలు.

ఒక డిగ్రీ అక్షాంశం భూమి మీద ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి వాటి మధ్య దూరం మారుతుంది. 111ని ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. హైదరాబాదులో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు ఉంటే, బీవర్‌క్రీక్‌లో 78 మాత్రమే. నిమిషంలో వెయ్యోవంతు అంటే అక్షాంశం దిశలో 1.85 మీటర్లు, అక్కడి రేఖాంశం దిశలో 1.3 మీటర్లు. చివరి అంకె విలువ ఒకటి రెండు మీటర్లన్నమాట. మీ ఫోను మాత్రం ఆరుబయట కూడా కొన్ని మీటర్ల మేర తప్పుతుంది. కాబట్టి బాణం గుర్తు 'చేరుకున్నారు' అన్న తరువాతే అసలు వెతుకులాట మొదలవుతుంది. అప్పుడు ఫోను జేబులో పెట్టి కళ్లు వాడాలి.

మన ప్రయాణం ఆ ఫలకం నుంచి మల్ట్‌నోమా జలపాతానికి అనుకోండి. జలపాతం దాదాపు 45.576, 122.116 దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 0.285 డిగ్రీలు, అంటే 31.6 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.297 డిగ్రీలు, అంటే 23.2 కిలోమీటర్లు. పైథాగరస్ సిద్ధాంతంతో సూటి దూరం సుమారు 39 కిలోమీటర్లు. ఇది కాకి ఎగిరే దూరం. కారు దారి కొండల వెంట, ఊళ్ల మీదుగా పోతుంది కాబట్టి అంతకంటే ఎంతో ఎక్కువ. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ప్రాణరక్షణ గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

దారి, దారి పక్క రాయి

ట్రౌట్‌డేల్ దగ్గర కొలంబియా నది వెంట తూర్పుగా సాగే పాత రహదారి మొదలవుతుంది. 1913లో పనులు మొదలైన ఈ రోడ్డును ఇంజనీరు శామ్యూల్ లాంకాస్టర్ రూపొందించాడు. రెండు ఊళ్లను కలపడానికి రోడ్డు వేసి, దారిలో ఏదైనా అందంగా కనిపిస్తే సంతోషించడం మామూలు పద్ధతి. లాంకాస్టర్ ముందు చూడదగ్గ చోట్లను గుర్తించి, తరువాత వాటిని కలిపేలా రోడ్డు గీశాడు. వాలు 5 శాతం మించనివ్వలేదు. అంటే 100 మీటర్లు పోతే 5 మీటర్లకు మించి ఎక్కరు. ఆనాటి బలహీనమైన కార్లకు అది అవసరం. ఈనాటి ఒంటరి ప్రయాణికుడికి అదే వరం, తొందరపెట్టని రోడ్డు కదా. పక్కనే నది అంచున వేగంగా పోయే పెద్ద రహదారి కూడా ఉంది. దాని మీద వెళ్లడం కంటే ఇంట్లో ఫొటో చూడటం మేలని నా అభిప్రాయం.

క్రౌన్ పాయింట్ అనే కొండకొన నదికి 733 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి విస్టా హౌస్ అనే రాతి కట్టడం 1918 నుంచి యాత్రికులకు విడిది. మరికొంత దూరంలో మల్ట్‌నోమా జలపాతం 620 అడుగుల ఎత్తు నుంచి రెండు అంచెలుగా దూకుతుంది. వేసవిలో అక్కడికి వచ్చే కార్లకు ముందుగా సమయం రిజర్వు చేసుకునే పద్ధతి పెట్టారు, బయలుదేరే ముందు చూసుకోవాలి.

ఇక్కడ డబ్బా లేని క్యాష్‌లు కూడా ఉంటాయి. వాటిని ఎర్త్‌క్యాష్‌లంటారు. 2004లో మొదలైన ఈ రకంలో మీరు ఒక శిలను, లోయను చూసి, దాని గురించి అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. విద్యార్థిగా మీకు పనికొచ్చేది ఇదే. మల్ట్‌నోమా గోడను చూసి 'ఎన్ని పొరలు కనిపిస్తున్నాయి, ఎలా ఏర్పడ్డాయి' అని అడిగితే ఏం చెబుతారు? ఆ పొరలు సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం నేల చీలికల నుంచి ఉబికి, ఒకదాని మీద ఒకటి పరుచుకుని గడ్డకట్టిన లావా ప్రవాహాలు. రాయి బసాల్ట్. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కను నల్లరాయి కూడా ఇదే జాతిది. కాకపోతే వయసులో ఎంతో పెద్దది, దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు.

మరి నదికి చేరే వాగులు నిలువు గోడల మీంచి ఎందుకు దూకుతున్నాయి? జె. హార్లెన్ బ్రెట్జ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఈ ప్రాంతమంతా కాలినడకన తిరిగి, దీన్ని మహాప్రళయం లాంటి వరద చెక్కిందని 1923లో రాశాడు. నేల రూపం మెల్లమెల్లగానే మారుతుందని నమ్మే తోటి శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఒప్పుకోలేదు. అంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందని నిలదీశారు. ఆ నీరు మంచు ఆనకట్ట వెనుక నిలిచిన మిస్సౌలా అనే హిమయుగపు సరస్సుదని తరువాత తేలింది. సుమారు 18,000 నుంచి 15,000 సంవత్సరాల క్రితం ఆ మంచుకట్ట పదేపదే తెగి, సరస్సు ఈ లోయ గుండా విరుచుకుపడింది. ఇప్పుడు పోర్ట్‌లాండ్ నగరం ఉన్నచోట 400 అడుగుల నీరు నిలిచింది. ఆ వరదలు లోయ అంచులను కోసివేయడంతో వాగులు గాలిలో వేలాడుతూ మిగిలాయి. బ్రెట్జ్‌కు 1979లో అమెరికా భూవిజ్ఞాన సంఘం అత్యున్నత పతకం ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు తొంభై ఆరు దాటింది. తనను విమర్శించినవాళ్లలో చాలామంది కంటే ఎక్కువ కాలం బతకడం కూడా ఒక వాదనా పద్ధతే!

ఒంటరిగా వెళ్లేవారికి

జీపీఎస్ గురించి ఒక అపోహ చదువుకున్నవారిలో కూడా ఉంది. 'ఉపగ్రహానికి నేనెక్కడున్నానో తెలుసు' అనుకుంటారు. తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని, తమ స్థానాన్ని ప్రసారం చేస్తాయి, అంతే. మీ ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను విని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తన స్థానాన్ని తానే లెక్కగడుతుంది. ఇది రేడియో వినడం లాంటిది. మీరెక్కడున్నారో జీపీఎస్ మీకు చెబుతుంది, మరెవరికీ చెప్పదు. ఇతరులకు తెలియాలంటే ఫోను సిగ్నల్ ఉండాలి, కొండల మధ్య అది పోతుంది. కాబట్టి ఏ దారిన వెళుతున్నారో, ఏయే క్యాష్‌ల దగ్గర ఆగుతారో, ఎన్ని గంటలకు తిరిగి ఫోను చేస్తారో ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి. చెప్పిన వేళకు ఫోను రాకపోతే వాళ్లేం చేయాలో కూడా రాయండి. ఇది లేకుండా చేసే ఒంటరి ప్రయాణాన్ని నేను సమర్థించను.

రెండోది బాణం గుర్తు. అది కాకి దూరాన్నే చూపుతుంది. మధ్యలో కొండచరియ ఉందో, వాగు ఉందో దానికి తెలియదు. పైగా నిలువు గోడలున్న లోయల్లో సంకేతాలు రాతికి తగిలి తిరిగివస్తాయి, దట్టమైన చెట్లు వాటిని బలహీనపరుస్తాయి. అంటే ఎక్కడ అడుగు తప్పితే ప్రమాదమో సరిగ్గా అక్కడే బాణం ఎక్కువగా తప్పుతుంది. 2017లో ఈ లోయలో ఒక కుర్రవాడు విసిరిన టపాకాయ వల్ల చెలరేగిన మంటల్లో దాదాపు 50,000 ఎకరాల అడవి కాలింది. వేళ్ల పట్టు పోయిన వాలుల మీద రాళ్లు జారుతుంటాయి. గుర్తించిన కాలిబాట వదలవద్దు. ప్రతి క్యాష్‌కూ వెతకడంలో కష్టం, నేల కష్టం అని ఒకటి నుంచి ఐదు వరకు రెండు అంకెలిస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు నేల అంకె రెండు దాటితే డబ్బాను వదిలేసి దృశ్యం చూసి రండి. కారులో విలువైన వస్తువులు కనిపించేలా ఉంచకండి.

ఒరెగాన్‌లో చదువు, ఉద్యోగాల కోసం స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే ఈ పాఠాన్ని వారి చేత ఒక ఆదివారం పరీక్షించి చూడవచ్చు. మన దగ్గర విషయం కొంత వేరు. దిక్కులేని డబ్బా కనిపిస్తే అనుమానించి పోలీసులకు చెప్పాలని మనకు నేర్పారు, అది సబబే. కనుక రైల్వే వంతెనలు, గుళ్లు, ప్రభుత్వ కార్యాలయాల దగ్గర డబ్బా పెట్టే ఆలోచనే చేయకండి. ఒంటరి యాత్రికులు విదేశాల్లో వాడే ఉపగ్రహ సందేశ పరికరాలను ప్రభుత్వ అనుమతి లేకుండా వెంట ఉంచుకోవడం మన దేశంలో నేరం. వాటితో విమానాశ్రయంలో దిగి అరెస్టయిన విదేశీయులున్నారు. మామూలు ఫోనులోని జీపీఎస్‌తో ఆ ఇబ్బంది లేదు. డబ్బా లేని ఎర్త్‌క్యాష్ పద్ధతి మనకు బాగా నప్పుతుంది. తిరుమల శిలాతోరణం, విశాఖ-భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు అందుకు తగిన చోట్లు.

అభ్యాసం

1. మీ ఊరి అక్షాంశాన్ని ఫోనులో చూసి, అక్కడ ఒక నిమిషం రేఖాంశం ఎన్ని మీటర్లో లెక్కించండి.

2. మీ ఇంటి ముందు ఒకేచోట నిలబడి, అరగంటకొకసారి ఐదుసార్లు స్థానాన్ని నమోదు చేయండి. అంకెల మధ్య గరిష్ఠ తేడాను మీటర్లలోకి మార్చండి. తరువాత గోడలు దగ్గరగా ఉన్న సందులో అదే పని చేసి, రెండు ఫలితాలను పోల్చండి.

3. మీ జిల్లాలో ఒక కొండనో, వాగునో ఎంచుకుని, అక్కడికి వచ్చినవాడు చూస్తే తప్ప జవాబు చెప్పలేని మూడు ప్రశ్నలు తయారుచేయండి. ఇంట్లో కూర్చుని ఫోనులో వెతికి చెప్పగలిగితే ఆ ప్రశ్న కొట్టివేసి మరొకటి రాయండి.