వయ్యారిభామ: అపోహలు – వాస్తవాలు

వినాయక చవితికి పత్రి కోయబోయేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. 21 పత్రాల్లో మొదటిది మాచిపత్రి. ఆకు చీలికలు చీలికలుగా ఉంటే చాలు, అది మాచిపత్రే అనుకుని వయ్యారిభామ అనే కలుపుమొక్కను తెంపుకొచ్చేస్తుంటారు. రెండూ చామంతి కుటుంబానివే కనుక పోలిక ఉంటుంది. అయితే మాచిపత్రి ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ముందు ఆకు తిప్పి చూడండి. అనుమానంగా ఉన్నదాన్ని చేత్తో నలపొద్దు.

ఎందుకంటే, "ఏళ్లుగా ఉత్త చేతులతోనే పీకుతున్నాం, మాకేం కాలేదు" అన్నది ఈ మొక్క విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. ఇందులోని పార్థెనిన్ అనే రసాయనం తగిలిన మొదటిసారే దద్దురు రావాలని లేదు. మళ్లీ మళ్లీ తగలగా ఒంటికి పడకుండా పోతుంది. ఇన్నాళ్లూ ఏమీ కాని మనిషికే ఒక ఏడాది కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద మొదలవుతుంది. ఇక ఆ తర్వాత మొక్కను ముట్టుకోకపోయినా, గాలిలో ఎగిరే దాని ఎండు పొడి చాలు. ఇది అంటువ్యాధి కాదు. ఆ మనిషిని దూరం పెట్టడం అన్యాయం. కలుపు తీసే ఆడకూలీలకు కూలితోపాటు చేతి తొడుగులు ఇవ్వడం రైతు బాధ్యతేనని నా అభిప్రాయం.

"అమెరికా పీఎల్-480 గోధుమలతో వచ్చింది" అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. ఆ ఆహార సాయం పథకం కింద మన దేశం ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. పుణెలో ఈ మొక్కను గుర్తించింది 1955లో. అంతకు చాలా ముందే, ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తయారుచేసిన కలకత్తా తోట మొక్కల జాబితాలో దీని పేరుంది. ఆ జాబితా అచ్చయింది 1814లో. దిగుమతి ధాన్యం వెంట కొత్త విత్తనాలు వచ్చి వ్యాప్తి పెరిగి ఉండొచ్చు. మొదటి రాక మాత్రం ఆ ఓడల్లో కాదు.

దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1980లలో బెంగళూరు పరిసరాల్లో వదిలారు. అది పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతోందని తర్వాత కలకలం రేగింది. పరిశీలనలో ఆ పంటకు చీడ కాదని తేలింది. కనిపిస్తే చంపొద్దు. అలాగని దాని మీదే భారం వేయనూ కూడదు. వానాకాలంలోనే చురుగ్గా ఉండి, తర్వాత మట్టిలోకి దూరిపోతుంది.

పైపైన కోసేస్తే పీడ వదలదు, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్లతో పెకలించాలి. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది కాబట్టి వ్యవధి తక్కువ. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. కంపోస్టుకు పనికిరాదన్నదీ అపోహే. పూయని మొక్కల్ని గుంటలో వేసి బాగా కుళ్లనిస్తే మంచి ఎరువవుతుంది. పూసినవాటిని వేస్తే, సరిగ్గా మాగని ఎరువుతో విత్తనాలు తిరిగి పొలంలోకే చేరతాయి.