ఉత్తర కార్తెలో ఎడారికి

మా బాతెల్‌లో వాన పడుతుంది కానీ ఉరమదు. అక్టోబరు మొదలు ఏప్రిల్ దాకా ఆకాశం చినుకులు రాలుస్తూనే ఉంటుంది. గొడుగు పట్టుకునేవాళ్ళు కూడా తక్కువే. మబ్బు నిటారుగా లేచి ఉరమాలంటే కింద వేడి, పైన చలి ఉండాలి. పసిఫిక్ మీది చల్లగాలి ఆ తేడాను ఇక్కడ నిలవనివ్వదు. సియాటిల్ ప్రాంతంలో ఉరుములు వినిపించేది ఏడాదికి సగటున ఏడు రోజులే. 2019 సెప్టెంబరు 7 సాయంత్రం ఈ చుట్టుపక్కల వెయ్యికి పైగా మెరుపులు మెరిశాయి. యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆట రెండున్నర గంటలకు పైగా ఆగిపోయింది. ఇక్కడ అది చెప్పుకోదగ్గ సంగతి!

అనంతపురం జిల్లా నుంచి వచ్చిన మా నాయనకు ఈ వాన నచ్చలేదు. "ఉరమని వాన ఏం వానమ్మా, కుళాయి సరిగా కట్టనట్టుంది" అన్నాడు. సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికితే, ఆయనకు ఇక్కడి ఎడారి చూపిద్దామని బయల్దేరాం.

స్నోక్వాల్మీ కనుమ దాటితే చాలు, దేశం మారిపోతుంది. కనుమ దగ్గర వానా మంచూ కలిపి ఏడాదికి సుమారు వంద అంగుళాలు. అక్కడికి యాభై మైళ్ళ దూరంలోని ఎలెన్స్‌బర్గ్‌లో తొమ్మిదే. సముద్రం మీంచి వచ్చిన తేమనంతా కాస్కేడ్ కొండలు పడమటి వైపే పిండేస్తాయి. నాయన అద్దంలోంచి చూస్తూ "మన కత కూడా ఇదే కదా" అన్నాడు. నిజమే. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు వాన మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, అదీ ఉరుముల వానలుగానే పడాలి.

యాకిమా, పెండిల్‌టన్, జాన్ డే మీదుగా ఆరెగాన్‌లోని బర్న్స్ చేరాం. మర్నాడు ఆల్వర్డ్ ఎడారికి వెళ్ళాం. నాలుగు వేల అడుగుల ఎత్తున, ఎండిపోయిన చెరువు అడుగులాంటి తెల్లటి నేల. పొడవు పన్నెండు మైళ్ళు, వెడల్పు ఏడు. పడమట 9,700 అడుగుల స్టీన్స్ కొండ. కాస్కేడ్లు మిగిల్చిన కాస్త తేమనూ అది తాగేస్తుంది. ఇక్కడ ఏడాదికి ఏడంగుళాల వాన. కారు నేరుగా ఆ నేల మీదికే నడిపించాం. మా అబ్బాయి బూట్లు విప్పి పరిగెత్తాడు. నాయన పిడికెడు మన్ను తీసి నలిపి, నాలుకకు తాకించుకుని "సవుడు" అని పారేశాడు.

మధ్యాహ్నం మూడింటికి కొండ మీద మోడం కట్టింది. దాని కింద వాన బూడిదరంగు తెరలా వేలాడుతోంది కానీ నేలను తాకడం లేదు. పొడిగాలి దారిలోనే దాన్ని తాగేస్తోంది. సెప్టెంబరులో నేల ఇంకా వేడి మీదుండగానే పసిఫిక్ నుంచి చలిగాలి పైన చేరుతుంది. అప్పుడు ఇలా మోడం లేస్తుంది. వాన ఆవిరైపోయినా పిడుగు ఆవిరి కాదు. 2012 జులైలో పక్కనున్న మాలూర్ కౌంటీలో పిడుగు పడి అంటుకున్న లాంగ్ డ్రా మంట అయిదున్నర లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది.

ఫొటోలు తీసుకుంటున్న నన్ను నాయన పిలిచాడు. "లెయ్‌మ్మా, పోదాం. ఆ మోడం మంచిది కాదు." ఇంకా దూరంగా ఉంది కదా అన్నాను. మెరిసింది. మా అబ్బాయి లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు అంకెలకు ఉరిమింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున ఎనిమిది కిలోమీటర్లు. ముప్పై లోపు ఉరిమితే లోపలికి వెళ్ళిపోవాలని ఇక్కడి వాతావరణ శాఖ కూడా ఎన్నాళ్ళుగానో చెప్తూ వచ్చిన మాట. ఆ బయల్లో అందరికన్నా ఎత్తుగా ఉన్నది మేమే.

నాయన తొందర నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో గొర్రెలు కాసే ఒకాయన వానకు చింతచెట్టు కిందికి చేరి, మళ్ళీ లేవలేదు. ఉరిమితే అర్జునుడి పేర్లు తలుచుకోమని మా అవ్వ నేర్పింది, చెట్టు కిందికి పోవద్దని నాయన నేర్పాడు. అమెరికాలో ఇప్పుడు పిడుగుపాటుకు ఏటా ఇరవై మంది అటూ ఇటూ పోతారు. మన దేశంలో 2022లో 2,800 మందికి పైగా పోయారు. పిడుగుకు పక్షపాతం లేదు. ఆ వేళకు చేలో ఎవరుంటారన్నదే తేడా.

రోడ్డెక్కిన పది నిమిషాలకు గాలి, దుమ్ము. తర్వాత వాన నిజంగానే దిగింది. కారు ఆపి అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాం. మేము నిలబడ్డ చోటు చూస్తుండగానే బురదై మెరిసింది. అక్కడే ఉండి ఉంటే కారు దిగబడిపోయేది. మా అబ్బాయి ప్రతి ఉరుముకూ తాత చెయ్యి పట్టుకుంటున్నాడు. వాడికి ఇన్ని ఉరుములు ఒక్కసారి వినడం ఇదే మొదలు.

రాత్రి బర్న్స్ లాడ్జి నుంచి నాయన ఊరికి ఫోన్ చేశాడు. చేలో చెనక్కాయ ఊడలు దిగి కాయ ఊరే సమయం. ఉత్తర కార్తె అయిపోవస్తోంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు మా వైపు. ఆ కార్తె కూడా మోసం చేస్తే గంప ఎత్తుకుని వలస పోవడమే. మా ఊరి గంపలు బెంగళూరు దాకా వెళ్ళాయి. నాదైతే బాతెల్ దాకా వచ్చింది.

"పడిందా?" అన్నాడు నాయన ఫోన్లో. అవతలి జవాబు నాకు వినిపించలేదు. ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట ఇంకా సన్నగా పడుతోంది.

"సూడు," అన్నాడు, "గడ్డి కూడా మొలవని సవుట్లో ఎంత బాగా పడిందో."