షెల్ తెఱచునప్పుడు అనుమతి నిరాకరణము

ఇటీవల మా కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన లాప్‌టాపు ఎదుట దిగాలుగా కూర్చుండియుండెను. షెల్ తెఱచినంతనే "పర్మిషన్ డినైడ్" అను మాట తెరపై కనబడుచుండెను. అతడు ఏర్పఱచుకొన్న పొట్టి యాజ్ఞలేవియు పనిచేయుట లేదు. మఱునాడు ఒప్పగింపవలసిన వ్యాసపు ఫైలు సైతము తెఱచుకొనలేదు. యంత్రము చెడెనని అతని భయము. అది చెడలేదు, చెప్పిన మాటనే పాటించుచుండెను.

షెల్ అనగా మనము టైపు చేసిన యాజ్ఞను గైకొని యంత్రముచే చేయించునట్టిది. 1989లో వెలువడిన బ్యాష్ అను షెల్, తెఱచుకొనునప్పుడు మన హోమ్ డైరెక్టరీలోని "డాట్ బ్యాష్ ఆర్ సీ" అను ఫైలును చదువును. పేరు చుక్కతో మొదలగుటచే ఆ ఫైలు సాధారణమైన జాబితాలో కానరాదు. దానిని చదువుటకు అనుమతి లేనిచో షెల్ తెఱచుకొనును గాని యందలి యేర్పాటులు నడువవు.

ఈ యనుమతుల పద్ధతి 1969లో బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్సు నుండి వచ్చినది. ప్రతి ఫైలునకు యజమాని, గుంపు, ఇతరులు అని మూడు వర్గములు కలవు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడిపించుటకు 1 చొప్పున కూడినచో 600 అనగా యజమాని మాత్రమే చదివి వ్రాయవచ్చును. 644 అనగా అన్యులు చదువవచ్చును గాని మార్చరాదు.

మఱి బాలుడే యజమాని కదా యందురేమో! చిక్కంతయు నచ్చటనే యున్నది. యంత్రము యజమానిని పేరుతో గాక సంఖ్యతో గుర్తించును. పాత యంత్రమున బాలుని సంఖ్య 1001, క్రొత్తదానియందు 1000. అతని యన్న "సుడో" అధికారముతో, యజమాని సంఖ్య మారకుండ ఫైలులను నకలు చేసెను. అవి 600 అనుమతి గలవి. కావున తన ఫైలులకే బాలుడు పరాయివాడయ్యెను. "ఎల్ ఎస్" తరువాత "హైఫన్ ఎల్ ఏ" చేర్చి చూడగా యజమాని పేరుండవలసిన చోట 1001 అని వట్టి సంఖ్యయే కనబడినది.

అంతకు మునుపే ఎవరో అతనికి అన్నిటికిని 777 పెట్టుమని చెప్పిరట. ఈ సలహా మాకు నచ్చదు. అట్లు చేసినచో ఎవరైనను ఆ ఫైలును మార్చవచ్చును. షెల్ తెఱచిన ప్రతిసారియు వారు వ్రాసిన యాజ్ఞలు మన పేర నడచును. పైగా "ఎస్ ఎస్ హెచ్" తన రహస్యపు తాళపుచెవి ఫైలు అంత బాహాటముగా నున్నచో దానిని వాడ నిరాకరించును.

మార్పవలసినది యజమానిని. "సుడో"తో "సీ హెచ్ ఓన్" అను నాజ్ఞనిచ్చి, పిమ్మట తన పేరును, తుదకు ఆయా ఫైలుల పేరులను వ్రాయించితిమి. (మీటలపై ఆంగ్లాక్షరములనే కొట్టవలెను సుమా.) 600 అనుమతిని అట్లే యుంచితిమి. షెల్ మూసి మరల తెఱవగా ఫిర్యాదు రాలేదు, వ్యాసమును తెఱచుకొనెను. పొట్టి యాజ్ఞలలో నొకటి మాత్రము పాత యంత్రపు డైరెక్టరీ పేరుతో వ్రాసినదగుటచే దానిని ఆ సాయంకాలము అతడే దిద్దుకొనెను.