దవము – అడవియు, అగ్నియు

ఫాల్గుణ మాసపు రాత్రులలో గిద్దలూరు వెలుపల నిలిచి పడమటి దిక్కునకు చూచినవారికి నల్లమల మీద ఒక వింత కానవచ్చును. కొండ చీకటిలో కలిసిపోయియుండ, దాని నడుమ ఎఱ్ఱని గీత యొకటి మెల్లగా ప్రాకుచుండును. పిల్లలు దానిని కొండకు వేసిన దండ యందురు. పెద్దలు “అడవి కాలుచున్నది” అని నిట్టూర్చి లోనికి పోవుదురు. చిరకాలము నేనును అట్లే నిట్టూర్చితిని. అంతేకాదు, అడవికి నిప్పును మించిన పగవాడు లేడని విద్యార్థులచేత వ్యాసములు కూడ వ్రాయించితిని. ఆ పాఠమును నేనే సవరించుకొనవలసి వచ్చినది.

మొదటి సవరణ నిఘంటువులోనే ఉన్నది, నేను గమనింపలేదు. సంస్కృతమున ‘దవము’ అను మాటకు అడవి యనియు, అడవిని కాల్చు అగ్ని యనియు రెండర్థములు. అమరకోశము ఆ రెంటిని ఒక్కచోటనే చెప్పుచున్నది. ఇంటికిని, ఇంటిని కాల్చు నిప్పునకును ఒకే పేరుండుట సామాన్యవిషయము కాదు.

రెండవ సవరణ దోర్నాల నుండి శ్రీశైలము పోవు దారిలో లభించినది. బస్సు ఆగినచోట మాడిన నేలను చూపి, ఇది ఎవరి పని యని ఒక వృద్ధ చెంచు నడిగితిని. అతడు ఆ ప్రశ్నను పట్టించుకొనక, “సంకురాత్రి ముందర అంటుకుంటే గడ్డి కాలుద్ది సామీ. ఉగాది దాటినాక అంటుకుంటే చెట్టు కాలుద్ది. ఇది ఉగాది నిప్పు” అనెను.

నేటి వృక్షశాస్త్రము ఈ మాటలకు వ్యాఖ్యానము వంటిది. నల్లమల యంతయు గుబురైన చీకటడవి కాదు. కొండపైని బయళ్లలోను, పొడి వాలులలోను చెట్టునకు చెట్టునకు నడుమ ఎండ పడును. ఆ ఎండలో బోదగడ్డి దుబ్బులు కట్టి పెరుగును. ఇట్లు గడ్డియు చెట్లును కలిసి బ్రదుకు సీమలను శాస్త్రజ్ఞులు సవన్నాలందురు. ఆ పేరు ఆఫ్రికా బయళ్లకే చెల్లునని మనము భూగోళ పాఠములలో చదివితిమి. కాని ఆసియాలో ఆకురాల్చు అడవులని మనము పిలుచువానిలో అనేకము సవన్నాలే యనియు, అవి మానవుడు చెఱచిన అడవులు గాక ప్రాచీనమైన సీమలనియు జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ మొదలగువారు 2016లో ఒక వ్యాసమున వాదించిరి. ఎండను ఓర్చు ఉష్ణమండలపు గడ్డిజాతులు సుమారు 80 లక్షల ఏండ్ల నాడే మన ఉపఖండమున వ్యాపించుట నారంభించినవని శివాలిక్ కొండల మట్టి సాక్ష్యమిచ్చుచున్నది.

నిప్పుతో కాపురము చేసిన గుర్తులు ఈ చెట్ల మేనిమీదనే కలవు. ఏగికి, మద్దికి, సారచెట్టునకు దళసరి బెరడే కవచము. తునికి పైకొమ్మ కాలినను వేరునుండి పిలకలు వేయును. గడ్డిమొగ్గలు దుబ్బు మొదట నేల నంటియుండును; మంట వానిపైగా పరుగెత్తిపోవును.

సంక్రాంతి నాటికి గడ్డి కొనలెండినను మొదట తేమ యుండును. రాత్రి మంచు కురియును. అప్పటి మంట అక్కడక్కడ కాలి, తడి తగిలినచోట తానే ఆగును. ఉగాది దాటిన పిమ్మట రాలిన ఆకంతయు పెళపెళలాడుచుండును, వడగాలి వీచును. అప్పటి మంట లేతమొక్కలను, నేలగూళ్లలోని పక్షిపిల్లలను మ్రింగును. ఏటేట అట్లు కాలినచోట పెద్ద చెట్లు మిగులును గాని, వాని వారసులు మిగులవు. తొలకరికి బూడిదయు మన్నును గుండ్లకమ్మలోనికి దిగును. ఆ నీరు చేరునది కంభం చెరువునకు. కొండమీది నిప్పు మన పొలముల సంగతి కూడ.

ఈ భేదమును మఱచినదెవరు? 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. అప్పుడు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో గాని వేఱు జిల్లాలో చేరలేదు. రక్షితారణ్యమున నిప్పు పెట్టుట నేరమైనది. అడవిని కాపాడవలెనను ఉద్దేశము మంచిదే. కాని పుష్యమాసపు చిన్న నిప్పునకును, చైత్రమాసపు పెద్ద నిప్పునకును చట్టము భేదము చూడలేదు. పట్టపగలు పెట్టవలసిన నిప్పు దొంగచాటుదైనది. దొంగచాటు నిప్పునకు కాపలా నిలుచువాడుండడు.

కర్ణాటకములోని బిలిగిరిరంగన కొండలలో సోలిగలు, తమ నిప్పులను ఆపించిన పిమ్మటనే లంటానా పొదలు అడవిని కమ్మినవందురు. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ప్రాంతమున, వేసవి పెద్ద మంటలను తగ్గించుటకై, 2006 నుండి ఆదివాసులే ఎండకారు మొదట్లో చిన్న నిప్పులు పెట్టుచున్నారు.

నేను అగ్గిపెట్టెను సమర్థించుట లేదు. ఇది పులుల అడవి. 1983 నుండి పులుల సంరక్షణ పథకమున చేరినది. యాత్రికుడు ఆర్పక విడిచిన పొయ్యియు, బాటసారి విసరిన బీడీముక్కయు నేటికిని నేరములే. అటవీశాఖవారు వేసవికి ముందే అగ్నిరేఖలు తీర్చుచున్నారు. మంట పుట్టిన చోటును ఉపగ్రహములు చూచి చెప్పుచున్నవి. కాని ఏ వాలు ఏ నెలలో కాలవచ్చునో, ఏది ఎన్నడును కాలరాదో ఉపగ్రహము చెప్పజాలదు. ఆ తెలివి చెంచు గూడెములలో కొందఱు వృద్ధులతో అంతరించుచున్నది. కొన్ని వాలులనైన ఎన్నుకొని, వారిని వెంటబెట్టుకొని, శాఖవారే పుష్యమాసమున నిప్పు పెట్టి, ప్రక్క వాలును విడిచి, పదేండ్లు పోల్చి చూడరాదా? అందువలన పోవునది కొంత గడ్డి. తెలియునది చాల యున్నది.

ఇప్పుడు కొండపై ఎఱ్ఱగీత కనబడినపుడు నేను పిల్లలకు పగవాని కథ చెప్పుట లేదు. ఇది ఏ మాసమో లెక్కింపుడని మాత్రము చెప్పుచున్నాను.