వ్యంగం – వర్ణ్యం: మంగుమచ్చల ఆయుర్వేద చికిత్స, కొన్ని పదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ముఖంపై ఏర్పడే మంగుమచ్చలను ఆయుర్వేద గ్రంథాలు ‘వ్యంగం’ అనే పేరుతో క్షుద్రరోగాలలో చేర్చాయి. వ్యంగచికిత్సను, ‘వర్ణ్య’ ద్రవ్యాలను నేటి వాడుక ‘మేనిరంగును తెలుపు చేయడం’గా అర్థం చేసుకుంటున్నది. సంహితలలో దేహవర్ణం వేరు, వ్యంగం వేరు. ఆ భేదం నిదానంలోనూ చికిత్సలోనూ ఎంతవరకు నిలిచిందో, ఎక్కడ సడలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వ్యంగం, నీలిక, మంగు, శ్యావం, వర్ణ్యం, కుంకుమాది తైలం.

1. ఉపోద్ఘాతం

‘మంగుమచ్చలు పోయి ముఖం తెల్లబడడానికి’ అనే తరహా వాక్యం తెలుగు ఆరోగ్యశీర్షికల పాఠకులకు సుపరిచితం. ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు కోరికలు ఉన్నాయి. మచ్చ పోవడం చికిత్సకు సంబంధించినది. తెల్లబడడం అభిరుచికి, ఇంకా సూటిగా చెప్పాలంటే పెళ్ళిచూపుల సంస్కృతికి సంబంధించినది. ఈ రెండింటినీ కలిపి, ఆ కలయికకు ప్రాచీనశాస్త్రాన్ని ప్రమాణంగా చూపడం పరిపాటి అయింది. ఆ ప్రమాణం గ్రంథాలలో నిజంగా ఉన్నదా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ వ్యాసకర్త అధ్యయనరంగం తెలుగు, వైద్యం కాదు. కాబట్టి ఇందులో పేర్కొన్న యోగాలను పాఠపరిశీలనలో భాగంగానే తీసుకోవాలి, చికిత్సాసూచనలుగా కాదు.

2. పేర్లు

తెలుగులో ‘మంగు’ అనగానే బుగ్గలమీద, నుదుట, ముక్కుపైన పరచుకొనే గోధుమ లేదా నల్లని మచ్చ స్ఫురిస్తుంది. శోభి, బొల్లి, పుట్టుమచ్చ – వీటికి మన భాషలో విడివిడిగా పేర్లు ఉన్నాయి. ఆధునిక వైద్యం ‘మెలాస్మా’ అనే స్థితికి మంగు చాలా దగ్గర. సంస్కృత గ్రంథాలలో దీనికి సరిపోయే మాట ‘వ్యంగం’. అలంకారశాస్త్రంలోని ‘వ్యంగ్యం’తో దీనికి పని లేదు. ముద్రణలో ఒక యవత్తు అదనంగా పడి ఇది అదిగా మారిపోవడం మాత్రం ఉన్నది.

వ్యంగానికి తోడుగా నీలిక, న్యచ్ఛం, తిలకాలకం మొదలైనవి చెప్పబడ్డాయి. వాగ్భటుని విభజన ప్రకారం ముఖంమీద వస్తే వ్యంగం, తక్కిన శరీరభాగాలలో వస్తే నీలిక. ఇవన్నీ క్షుద్రరోగాలు. సుశ్రుతుడు వీటిని 44గా, వాగ్భటుడు 36గా లెక్కించారు. ‘క్షుద్ర’ శబ్దానికి తెలుగులో స్థిరపడిన నీచార్థాన్ని ఇక్కడ తీసుకోరాదు, చిన్న వ్యాధులని మాత్రమే భావం.

3. కోపం, శ్రమ, శోకం

సుశ్రుత సంహిత నిదానస్థానం పదమూడవ అధ్యాయంలోని నిర్వచనం ప్రకారం, కోపం వలన, శ్రమ వలన ప్రకోపించిన వాయువు పిత్తంతో కూడి ముఖానికి చేరి మండలాన్ని పుట్టిస్తుంది. ఆ మండలం పలుచనిది, నొప్పి లేనిది, శ్యావవర్ణం కలది. అష్టాంగహృదయం ఉత్తరస్థానం శోకాన్ని, క్రోధాన్ని పేర్కొంటుంది. చరకుడు దీనిని రక్తం వైపునుండి చూశాడు. పిత్తం రక్తాన్ని చేరి ఎండిపోయినప్పుడు వ్యంగం, నీలిక మొదలైనవి కలుగుతాయని సూత్రస్థానం చెబుతుంది. రక్తదోషం వలన వచ్చే వ్యాధుల పట్టికలోనూ ఇవి ఉన్నాయి.

వాగ్భటుడు దోషభేదాన్నిబట్టి లక్షణాలను కూడా వివరించాడు. వాతం వలన మచ్చ గరుకుగా ఉంటుంది. పిత్తం వలన అంచు రాగిరంగుకు తిరుగుతుంది. కఫం వలన అంచు తెల్లనై దురద పుడుతుంది. రక్తదోషం ఉంటే అంచు ఎర్రబడి మంటతో చిమిచిమలాడుతుందని చెబుతూ అతడు వాడిన ధ్వన్యనుకరణ క్రియ మన ‘చిమచిమ’ను తలపిస్తుంది. నొప్పి లేనిదని సుశ్రుతుడు చెప్పిన మచ్చలోనే మంటను, దురదను వేరు చేసి చూడడం రోగి మాట విన్న వైద్యుని పని.

సూర్యకాంతి, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం మెలాస్మాకు ప్రధాన కారణాలని, ఇది పురుషులకంటే స్త్రీలలో చాలా ఎక్కువని నేటి వైద్యం చెబుతున్నది. పై నిర్వచనాలలో గర్భప్రసక్తి లేదు, ఎండ పేరు కూడా లేదు. వ్యంగమూ మెలాస్మా ఒక్కటేనని తేల్చివేసే వ్యాసాలు ఈ ఖాళీని దాటవేస్తాయి. లక్షణాలలో పోలిక ఉన్నది. కారణాల వివరణ మాత్రం రెండు భిన్న జ్ఞానవ్యవస్థలది.

4. శ్యామం, శ్యావం

ఈ పరిశీలనకు కీలకమైన సాక్ష్యం చరక సంహిత ఇంద్రియస్థానం మొదటి అధ్యాయంలో ఉన్నది. రోగి ఆయుర్ధాయాన్ని సూచించే లక్షణాలను చెప్పే స్థానమది. అక్కడ దేహానికి సహజమైన వర్ణాలు నాలుగు: కృష్ణం, శ్యామం, శ్యామావదాతం, అవదాతం. అంటే నలుపు, చామనచాయ, చామనకు తెలుపుకు నడుమ చాయ, తెలుపు. నాలుగూ ప్రకృతులే. వైకారిక వర్ణాల జాబితాలో నీలం, శ్యావం, తామ్రం, హరితంతో పాటు శుక్లం కూడా ఉన్నది. నలుపు ఆరోగ్యవంతుని రంగుగానూ, అసహజమైన తెలుపు రోగచిహ్నంగానూ లెక్కకు వచ్చిన పట్టిక ఇది.

‘శ్యామ’కు, ‘శ్యావ’కు తేడా ఒక్క అక్షరం. మొదటిది ప్రకృతివర్ణం. దానికి తద్భవమైన ‘చామ’ మన కావ్యాలలో సుందరికి పర్యాయపదం. రెండవది వికృతి, సుశ్రుతుడు వ్యంగానికి చెప్పిన రంగు అదే. అయితే ఈ భేదం అన్నిచోట్లా కచ్చితంగా నిలవలేదు. వ్యంగమండలాన్ని వాగ్భటుడు ‘శ్యామల’మన్నాడు. ఛందోనిర్బంధమా, కాలక్రమంలో అర్థం సడలిందా అన్నది పాఠభేదాలను పోల్చి చూడవలసిన విషయం.

సుశ్రుతుని శారీరస్థానం కూడా ఈ భేదాన్ని బలపరుస్తుంది. చర్మానికి ఏడు పొరలు చెప్పి, వర్ణాలన్నిటినీ వెలయించేది మొదటి పొర ‘అవభాసిని’ అన్నాడు. దాని మందం వరిగింజలో పద్దెనిమిదవ వంతు. వ్యంగం, న్యచ్ఛం, తిలకాలకం పుట్టే చోటు మాత్రం అది కాదు, దాని కింద ఉన్న ‘లోహిత’. మేనిచాయ ఒక పొరది, మచ్చ మరొక పొరది. దీనిని నేటి మెలనిన్ కణాల జ్ఞానంతో ముడిపెట్టడం తొందరపాటవుతుంది. కానీ మచ్చకు చికిత్స చేయడమంటే చాయను మార్చడం కాదని ఆ శాస్త్రకారునికి స్పష్టంగా తెలుసు.

5. చికిత్స

సుశ్రుతుని పద్ధతిలో ముందు రక్తమోక్షణం. నుదుటి మొదలైన చోట్ల సిరావ్యధ చేసి, ఆపైన మచ్చను రుద్ది, పాలుగల చెట్ల పట్టను పాలతో నూరి పట్టించాలి. మర్రి, రావి, మేడి, జువ్వి ఆ కోవలోనివి. వాగ్భటుడు తెల్లమద్ది పట్టనుగాని, మంజిష్ఠనుగాని తేనెతో కలిపి పూయమన్నాడు. తెల్లగుర్రపు గిట్టను కాల్చిన మసిని వెన్నతో రాయడం కూడా అతడు చెప్పిన యోగమే, ఆరోగ్యశీర్షికలకు మాత్రం ఇది ఎక్కదు. రక్తచందనం, మంజిష్ఠ, చెంగల్వకోష్టు, లొద్దుగ, ప్రియంగు, మర్రిచిగుళ్ళు, మసూరపప్పు కలిసిన లేపం మరొకటి. రక్తచందనం మన శేషాచలం కొండలది కనుక తెలుగువారికి ఈ యోగం ప్రత్యేకంగా ఆసక్తికరం. ఈ లేపానికి ఫలితాలు రెండు: వ్యంగాన్ని పోగొట్టడం, ముఖానికి కాంతినివ్వడం. కాంతికి తెలుపు పర్యాయపదం కాదు.

అతిప్రసిద్ధమైన కుంకుమాది తైలం సంగతి ఇంకా విచిత్రం. కుంకుమపువ్వు, వట్టివేళ్ళు, లక్క, అతిమధురం, చందనం, మంజిష్ఠ మొదలైనవాటితో, మేకపాలు చేర్చి కాచే ఈ తైలాన్ని అష్టాంగహృదయం నస్యంగా, అంటే ముక్కులో వేసుకొనే మందుగా చెప్పింది. నేడు ఇది ముఖానికి రాసుకొనే నూనెగా అమ్ముడవుతున్నది. ఫలితాలలో వ్యంగం, నీలిక, ముడతలు, నెరసిన జుట్టు తొలగడంతో పాటు ముఖవర్ణాన్ని కలిగించడం కూడా ఉన్నది. మచ్చ, వర్ణం అనే రెండు విషయాలు ఒకే శ్లోకంలో పక్కపక్కన చేరిన సందర్భమిది. నేటి ప్రకటనలకు ఆధారం ఏదైనా ఉంటే ఇక్కడే ఉండాలి. కానీ ‘వర్ణం’ తెల్లదనమేనన్న మాట శ్లోకంలో లేదు, దానిని మనమే చేరుస్తున్నాం.

6. నేటి వాడుక

తెలుగు ఇళ్ళలో జాజికాయను పాలతో అరగదీసి మంగుపై పూయడం ఇప్పటికీ ఉన్నది. దానితో కలగలిసి ప్రచారంలో ఉన్న నిమ్మరసం సంగతి వేరు. నిమ్మజాతి రసం తగిలిన చర్మానికి ఎండ సోకితే నల్లని మచ్చలు కొత్తగా ఏర్పడగలవు. గట్టిగా రుద్దడం కూడా మచ్చను ముదిరేలా చేయవచ్చు. సుశ్రుతుడు రుద్దమన్నది వైద్యుని చేతితో, రక్తమోక్షణం తరువాతి క్రమంలో. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ మెలనిన్ తయారీకి తోడ్పడే టైరోసినేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో గుర్తించారు. ఒక ద్రవ్యంలోని ఒక అంశానికి ఆధారం దొరికినంత మాత్రాన యోగం మొత్తానికి దొరికినట్లు కాదు.

మూలికల పేరుతో కాకున్నా ‘తెల్లబడే మందు’గా స్టెరాయిడ్ లేపనాలను ముఖానికి వాడి చర్మం పలుచబడి, ఎర్రబడి, మచ్చలు మరింత ముదిరినవారు ఎందరో. కేంద్రప్రభుత్వం 2018లో ఇటువంటి కొన్ని లేపనాలను వైద్యుని చీటీ తప్పనిసరి అయిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అభ్యంతరకర ఔషధప్రకటనలను నియంత్రించే 1954 నాటి చట్టానికి 2020లో ప్రతిపాదించిన ముసాయిదా సవరణలో, ప్రకటించరాని ఫలితాల జాబితాలో మేనిని తెలుపు చేయడం కూడా చేరింది.

భాషాపరంగా మన చేతిలో ఉన్న పని ఒకటి ఉన్నది. చరకుడు సూత్రస్థానంలో చందనం, పద్మకం, ఉశీరం, మధుకం, మంజిష్ఠ, సారివ మొదలైన పది ద్రవ్యాలను ‘వర్ణ్య’గణంగా కూర్చాడు. దీనిని ‘చర్మాన్ని తెల్లగా చేసేవి’ అని అనువదిస్తే, నలుపును సహజవర్ణంగా చెప్పిన గ్రంథకర్త నోట నలుపుకు మందు చెప్పించినట్లవుతుంది. ‘వర్ణ’ శబ్దానికి తెలుగులో తద్భవం సిద్ధంగానే ఉన్నది: వన్నె. నల్లనివారికీ తెల్లనివారికీ కూడా వన్నె ఉంటుంది, తగ్గుతుంది, తిరిగి వస్తుంది. వర్ణ్యమంటే వన్నెనిచ్చేది.